కుక్కపిల్లకు ఎముక పెట్టవచ్చునా?

కుక్కకు ఎముక యెంత ప్రీతియో అందరికిని తెలిసినదే. ఇంటిలో మాంసము వండిన నాడు విస్తళ్ళలో మిగిలిన ఎముకలన్నియు వాకిట నున్న కుక్కకు చేరును. అది ఎముకను ముందు కాళ్ళ నడుమ పట్టుకొని కొరుకుచుండగా చూచి, దానికి మేలు చేసితిమని మనము సంతోషింతుము. కాని పశువైద్యులను అడిగినచో వేరు మాట చెప్పుదురు. కుక్కల ఆహారవాహికలో చిక్కుకొని ప్రాణము మీదికి తెచ్చు వస్తువులలో ఎముకదే మొదటి స్థానము. అందును చిన్న జాతి కుక్కలకును, కుక్కపిల్లలకును ఈ ప్రమాదము హెచ్చు.

ఆస్ట్రేలియా దేశములో మాంసము అంటియున్న పచ్చి ఎముకలను కుక్కలకు పెట్టుట చాలకాలముగా వాడుకలో నున్నది. ఆ దేశపు పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లోను, మరియొక పశువైద్యుడు టామ్ లాన్స్‌డేల్ 2001లోను ఈ ఆహారమును సమర్థించుచు గ్రంథములు ప్రకటించిరి. దీనికి భిన్నముగా, కుక్కలకు ఎముకలు పెట్టవద్దని అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 2010లో ప్రజలను హెచ్చరించినది. పచ్చి మాంసాహారమును పెంపుడు జంతువులకు పెట్టుటను అమెరికా పశువైద్య సంఘము 2012లో నిరుత్సాహపరచినది.

ఇరుపక్షములవారును చదువుకొన్న వైద్యులే. మరి ఎవరి మాట వినవలెను? ఎముక మంచిదా చెడ్డదా యని అడిగినంతకాలము దీనికి సమాధానము దొరకదు. ఏ ఎముక, ఏ కుక్కకు, ఏ స్థితిలో, ఎంత అని అడుగవలెను. అందుకు ఎముక నిర్మాణము, కుక్క శరీరధర్మము కొంత తెలియవలెను.

ఎముకలో ఏమున్నది?

ఎముక రెండు పదార్థముల కలయిక. మొదటిది కొల్లాజెన్ అను మాంసకృత్తు. ఇది సన్నని త్రాళ్ళవలె నుండి ఎముకకు సాగెడు గుణము నిచ్చును. రెండవది ఆ త్రాళ్ళ నడుమ పేరుకొన్న ఖనిజము. ఇందు ప్రధానముగా కాల్షియము, భాస్వరము ఉన్నవి. ఇది ఎముకకు గట్టిదనము నిచ్చును. తేమ పోగా మిగిలిన ఎముక తూకములో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజము, ఒక వంతు కొల్లాజెన్. ఇనుప చువ్వలును, సిమెంటును కలిసి కాంక్రీటు స్తంభమునకు బలము నిచ్చినట్లే ఈ రెండును కలిసి ఎముకకు బలము నిచ్చును.

ఈ సంగతిని పాఠశాలలోనే పరీక్షించి చూడవచ్చును. శుభ్రపరచిన మూడు కోడి కాలి ఎముకలను తీసికొనుడు. ఒకదానిని వెనిగర్‌లో నుంచి, రెండు దినముల కొకసారి వెనిగర్ మార్చుచు వారము పది దినములు ఆగుడు. ఆమ్లము ఖనిజమును కరిగించును గనుక ఎముక రబ్బరువలె వంగును. రెండవదానిని ఉపాధ్యాయుడు బొగ్గుల నిప్పులలో తెల్లనగునంతవరకు కాల్చవలెను. కొల్లాజెన్ కాలిపోవుటచే అది వ్రేళ్ళ మధ్య పొడియగును. మూడవదానిని గంటసేపు నీటిలో మరగించి, ఎండబెట్టి, పాత గుడ్డలో చుట్టి విరువుడు. అది పెళుసుగా విరిగి మొనదేలిన పేళ్ళగును.

మన సమస్యకు ఈ మూడవ పరీక్షయే ముఖ్యము. మరగించినపుడు కొల్లాజెన్ కొంత జెలటిన్‌గా మారి నీటిలోనికి దిగిపోవును. మేక కాళ్ళ పాయా చల్లారిన పిమ్మట గడ్డకట్టుట ఈ జెలటిన్ వలననే. త్రాళ్ళు బలహీనపడి ఖనిజము మాత్రము నిలిచిన ఎముక వంగలేదు, చీలిపోవును. ఆ చీలిక సూదివలె నుండి చిగుళ్ళను, గొంతును, ప్రేగులను గ్రుచ్చును. పచ్చి ఎముకలో కొల్లాజెన్ చెక్కుచెదరకుండుటచే అది కొరికినపుడు ఎక్కువగా నలుగును, చీలుట తక్కువ. కావున కూరలోనుండి, బిరియానిలోనుండి, పొయ్యిపై కాల్చిన కోడినుండి తీసిన ఎముకను ఏ కుక్కకును పెట్టరాదు. మనము సాధారణముగా పెట్టునది ఆ ఎముకయే యగుట విచారకరము.

కుక్క నోరు, కుక్క కడుపు

పెరిగిన కుక్కకు 42 దంతములుండును. పై దవడలోని నాలుగవ అగ్రచర్వణకము, క్రింది దవడలోని మొదటి చర్వణకము కత్తెర అలుగులవలె ఒకదానిప్రక్క నొకటి జారుచు మాంసమును, మెత్తని ఎముకను తెగకోయును. మన దవడవలె కుక్క దవడ ప్రక్కలకు కదలి ఆహారమును మెత్తగా విసరలేదు. కావున కుక్క కొరికి, తునిమి, మ్రింగును; నమలుట స్వల్పము. జీర్ణాశయములోని తీవ్రమైన హైడ్రోక్లోరికామ్లము తక్కిన పనిని చేయును. మనము వెనిగర్‌లో పది దినములలో చేసిన పనిని అది కొన్ని గంటలలో చేయును.

కుక్కపిల్లకు ఈ శక్తులు పూర్తిగా రావు. దానికి 28 పాలపండ్లు మాత్రమే ఉండును. అవి సన్ననివి, సూదివంటివి. సుమారు నాలుగవ మాసమున ఊడనారంభించి ఏడవ మాసమునకు శాశ్వత దంతములకు చోటిచ్చును. గట్టి ఎముకపై పాలపన్ను విరిగినచో దాని క్రింద పెరుగుచున్న శాశ్వత దంతమునకు కూడ హాని కలుగవచ్చును. పెద్ద కుక్కలయందును ఎద్దు, గేదెల తొడ ఎముకలవంటి బరువు మోయు ఎముకలను కొరుకుటచే కత్తెర పండ్లు పలకలుగా చీలుట కలదు.

ఎముక కొరుకుటవలన పండ్లకు లాభము లేకపోలేదు. 2016లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు బీగిల్ జాతి కుక్కలకు పచ్చి ఎద్దు ఎముకలనిచ్చి పరిశీలింపగా, కొద్ది దినములలోనే పండ్లపై గార చాలవరకు తగ్గినది. కాని అవి పెరిగిన కుక్కలు, పరిశోధకుల కంటియెదుట నున్నవి. ఈ ఫలితమును మూడు మాసముల పిల్లకు అన్వయింపరాదు.

ఎదుగు పిల్లకు ఎముక యెందుకు?

కుక్క మాంసాహారి గదా యని కొందరు పిల్లకు వట్టి మాంసమునే పెట్టుదురు. ఇది పైకి కనబడని పెద్ద పొరపాటు. 100 గ్రాముల కొవ్వులేని మాంసములో సుమారు 200 మిల్లీగ్రాముల భాస్వరము, 10 మిల్లీగ్రాముల కాల్షియము మాత్రమే ఉండును. అనగా కాల్షియము ఒక వంతైన భాస్వరము ఇరువది వంతులు. ఎదుగు పిల్లకు కాల్షియము భాస్వరముతో సమానముగానో, కొంచెము హెచ్చుగానో ఉండవలెను. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము 1000 కెలోరీల ఆహారమునకు పిల్లకు 3000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. అన్ని కెలోరీల నిచ్చు సుమారు 750 గ్రాముల మాంసములో నున్నది 75 మిల్లీగ్రాములు. నలుబది వంతులు కావలసినచోట ఒక వంతు!

రక్తములో కాల్షియము తగ్గినచో గుండె, కండరములు, నరములు సరిగా పనిచేయవు. కావున మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఒక హార్మోనును స్రవించి, పిల్ల ఎముకలనుండియే కాల్షియమును రక్తములోనికి లాగును. రక్తము నిలుచును, ఎముక గుల్లయగును. కొన్ని వారములలో పిల్ల కుంటుట, ఎత్తినపుడు నొప్పితో అరచుట, కాళ్ళు వంకరపోవుట, చిన్న దెబ్బకే ఎముక విరుగుట సంభవించును. ‘మంచి మాంసమే పెట్టుచున్నాము, ఇట్లేల ఐనది?’ అని యజమాని ఆశ్చర్యపడును.

ఎముక ఈ లోటును తీర్చును. ఎముకలోని ఖనిజమునకు మూలమైన హైడ్రాక్సీ అపటైట్ అణువులో 10 కాల్షియము పరమాణువులు, 6 భాస్వరము పరమాణువులు ఉన్నవి. కాల్షియము పరమాణు భారము 40, భాస్వరమునకు 31. అనగా 400కు 186, లేక సుమారు 2.15కు 1. విద్యార్థులు ఈ లెక్కను కొనసాగింపవచ్చును. 100 గ్రాముల మాంసమునకు 1.3 గ్రాముల ఈ ఖనిజమును చేర్చినచో సుమారు 520 మిల్లీగ్రాముల కాల్షియము, 240 మిల్లీగ్రాముల భాస్వరము అదనముగా వచ్చును. మొత్తము కాల్షియము 530, భాస్వరము 440, నిష్పత్తి 1.2కు 1. కావలసినది ఇంతే. కోడి ఎముకలో నీరు హెచ్చుగా నున్నను, ఈ ఖనిజము నిచ్చుటకు సుమారు పది గ్రాముల లోపు ఎముక చాలును.

దీనినిబట్టి మరియొక సంగతి తేలును. కుక్కపిల్లకు ఎముక కావలసినది చాల స్వల్పము. ఎక్కువైనచో మలము సున్నపు ముద్దవలె తెల్లబడి గట్టిపడును. అంతకంటె ముఖ్యమైన విషయము, లేతవయస్సులో పిల్ల ప్రేగులు అనవసరమైన కాల్షియమును త్రోసిపుచ్చలేవు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గ్రేట్ డేన్ పిల్లలకు అధిక కాల్షియము పెట్టి పరిశీలింపగా వాటి ఎముకల పెరుగుదల చెడినట్లు 1985లో ప్రకటించిరి. చిన్న జాతులు ఈ హెచ్చును కొంత తట్టుకొనగలవు గాని, లోటును తట్టుకొనలేవు.

చిన్న కుక్కకు పెద్ద ఎముక

చిన్న కుక్కకు చిన్న ఎముక పెట్టవలెననుట సహజముగా తోచును. నిజము దీనికి విరుద్ధము. నోటిలో ఒక్కసారిగా పట్టు ముక్కను కుక్క కొరుకక మ్రింగివేయును. ఆహారవాహికలో మూడు ఇరుకు తావులు కలవు: ఛాతీలోనికి ప్రవేశించుచోటు, గుండె పైభాగము, ఉదరవితానమునకు ముందు. మ్రింగిన ముక్క ఈ తావులలో ఆగిపోవును. పొమరేనియన్, షిట్‌జు, చిన్న టెర్రియర్ వంటి కుక్కలకు ఆ గొట్టము మిక్కిలి సన్నము. పగ్ జాతికి దవడ పొట్టి, పండ్లు క్రిక్కిరిసియుండును, శ్వాసయు కష్టము. కావున దాని విషయమున మరింత జాగ్రత్త కావలెను.

కావున ఎముక కుక్క మూతికంటె పెద్దదిగా, అఖండముగా, చుట్టును మాంసముతో నుండవలెను. మాంసపు దుకాణములో కత్తితో కొట్టించిన కూర ముక్కలు పనికిరావు. వాటి అంచులు పదునైనవి, పరిమాణము సరిగా గొంతున అడ్డుపడునంత. మూలుగ ఎముకను అడ్డముగా కోసిన ఉంగరములు క్రింది దవడకు తగుల్కొని ఊడిరావు. అందలి కొవ్వు చిన్న కుక్కలలో క్లోమమునకు వాపు కలిగింపవచ్చును.

కంటికి కనబడని శత్రువులు

పచ్చిదనము చీలికల ప్రమాదమును తగ్గించును గాని సూక్ష్మజీవుల ప్రమాదమును పెంచును. అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 2010 నుండి 2012 వరకు పెంపుడు జంతువుల పచ్చి ఆహారపు నమూనాలు 196 పరీక్షింపగా 15 నమూనాలలో సాల్మొనెల్లా, 32 నమూనాలలో లిస్టీరియా కనబడినవి. కుక్క ఆరోగ్యముగా కనబడుచునే వీనిని మలముద్వారా, నోటిద్వారా ఇంటివారికి అంటింపగలదు. అనుకూలమైన వేడిమిలో సూక్ష్మజీవులు ఇరువది నిమిషములకు రెట్టింపగుననుకొన్నచో, నాలుగు గంటలలో ఒక్కటి 4096 అగును. వేసవిలో మధ్యాహ్నము వరకు బల్లపై నుండిన మాంసమెట్టిదో దీనినిబట్టి ఊహింపవచ్చును. గడ్డకట్టునట్లు చల్లబరచినను సాల్మొనెల్లా చావదు. పెరుగుట మాత్రము ఆగును.

ఆస్ట్రేలియాలో చిన్న కుక్కలకు పచ్చి కోడిమెడలు పెట్టుట పరిపాటి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమువారు వెనుక కాళ్ళతో మొదలై శరీరమంతయు చచ్చుబడు ఒక నరముల వ్యాధిని పరిశోధించి 2018లో ఫలితములు ప్రకటించిరి. వ్యాధి సోకిన 27 కుక్కలను, సోకని 47 కుక్కలను పోల్చిచూడగా, పచ్చి కోడిమాంసము తినుటకును ఈ వ్యాధికిని సంబంధము కనబడినది. కోడిమాంసములో సాధారణముగా నుండు కాంపిలోబాక్టర్ అను సూక్ష్మజీవి దీనికి కారణము కావచ్చునని వారు భావించిరి.

లోపలి అవయవముల విషయము వేరు. గొఱ్ఱె, మేకల పచ్చి కార్జము, ఊపిరితిత్తులలో ఒక బద్దెపురుగు తిత్తులుండవచ్చును. వానిని తినిన కుక్క ప్రేగులలో పురుగు పెరిగి, దాని గ్రుడ్లు కుక్క మలముద్వారా మనుష్యులను చేరి, కాలేయములో హైడాటిడ్ తిత్తులుగా పెరుగును. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో 1964లో ప్రారంభమైన ఉద్యమము కుక్కలకు పచ్చి అవయవములు అందకుండ చేసినది. 1996 నాటికి ఆ దీవి ఈ వ్యాధినుండి దాదాపు విముక్తమైనట్లు ప్రకటింపబడినది. మన ఊళ్ళలో మాంసపు దుకాణముల వెనుక పారవేయు అవయవములను కుక్కలు తినుట కూడ ఇట్టి ప్రమాదమే.

పెట్టదలచినచో

పై విషయములన్నియు తెలిసికొని, పశువైద్యుని సంప్రదించి, పచ్చి ఎముక పెట్టదలచినవారు ఈ నియమములు పాటింపవలెను.

ఒకటి: మూడు నాలుగు మాసముల లోపు పిల్లకు కొరుకుటకు ఎముక ఇయ్యరాదు. వైద్యుడు అనుమతించినచో పచ్చి కోడిమెడను ముక్క తగులనంత మెత్తగా నూరి, కొలత ప్రకారము మాంసములో కలుపవలెను.

రెండు: తరువాత మెత్తని ఎముకతో ప్రారంభింపవలెను. కొట్టని కోడి రెక్క, కోడి వీపుభాగము, లేత మేక రొమ్ముభాగములోని తరుణాస్థి ఇట్టివి. బరువు మోయు ఎముకలు వలదు.

మూడు: కుక్క ఆకలితో నున్నపుడు కాక, భోజనము చేసిన పిమ్మట ఇయ్యవలెను. ఆకలి గొన్నది మ్రింగును, కడుపు నిండినది కొరుకును.

నాలుగు: పది పదిహేను నిమిషములు ప్రక్కనే యుండి చూడవలెను. రెండు కుక్కలకు ఒకేచోట పెట్టరాదు. పోటీచే రెండును మ్రింగజూచును. పసిపిల్లలను దగ్గరకు రానీయరాదు. నోటనున్న ఎముకను లాగుకొనక, మరియొక రుచికర పదార్థము చూపి విడిపింపవలెను. కొరికి చిన్నదైన ముక్కను తీసివేయవలెను.

ఐదు: వారమునకు ఒకటి రెండు మారులు చాలును.

ఆరు: తాజా మాంసమును వెంటనే శీతలయంత్రములో పెట్టి, పెట్టుటకు ముందు మాత్రమే తీయవలెను. కడుగుటకు వీలైన గచ్చుపై పెట్టి, పిమ్మట ఆ చోటును, గిన్నెను, చేతులను సబ్బుతో కడుగవలెను.

ఇంటిలో చంటిబిడ్డలు, గర్భిణులు, వృద్ధులు, వ్యాధినిరోధకశక్తి తగ్గినవారు ఉన్నచో పచ్చి ఎముకను మానుటయే మేలు. పండ్లు పోయిన కుక్కకు, క్లోమవ్యాధి వచ్చిన కుక్కకు, ఆబగా మ్రింగు కుక్కకు కూడ పెట్టరాదు.

ప్రమాద చిహ్నములు

ఎముక తినిన పిమ్మట కుక్క చొల్లు కార్చుట, మెడ చాచి మరల మరల మ్రింగజూచుట, ఓకిరించుట, తిన్నది వెంటనే వెళ్ళగ్రక్కుట ఆహారవాహికలో అడ్డునకు చిహ్నములు. వాంతులు, కడుపు ముట్టనీయకుండుట, నల్లని లేక రక్తపు మలము, ముక్కినను విరేచనము కాకుండుట ప్రేగులలోని హానికి చిహ్నములు. ఇట్టి సమయమున అన్నపు ముద్దలో, అరటిపండో మ్రింగించి ఎముకను క్రిందికి త్రోయజూచుట మన ఇండ్లలో కలదు. ఇది అడ్డును మరింత బిగించును. వాంతి చేయించుటయు తగదు. మొన రెండవసారి గొంతును చీల్చును. ఏమియు పెట్టక వెంటనే పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. ఎముక ఎక్స్‌రేలో సాధారణముగా కనబడును. అది ఒకేచోట ఒత్తుచున్నకొలది ఆహారవాహిక గోడ చిల్లుపడును గనుక రేపు చూతమనుట ప్రాణాపాయము.

ఎముక లేకుండ

ఎముక పెట్టనంత మాత్రాన పిల్ల ఎదుగదని భయపడనక్కరలేదు. దానికి కావలసినది ఎముక కాదు, అందలి కాల్షియము, భాస్వరము. కుక్కపిల్లలకై తయారైన సమగ్రాహారములో ఇవి తగినపాళ్ళలో నుండును. ఇంటి వంట పెట్టువారు మాంసమును, గ్రుడ్డును ఉడికించి, మరగించి ఎండబెట్టి మెత్తగా దంచిన కోడిగ్రుడ్డు పెంకుల పొడిని కలుపవచ్చును. పెంకు దాదాపు అంతయు కాల్షియము కార్బొనేటు. అందు నూటికి 40 వంతులు కాల్షియము. కాని దానిలో భాస్వరము మిక్కిలి తక్కువ, డి విటమిను లేదు. కుక్క చర్మము మనవలె ఎండనుండి తగినంత డి విటమినును తయారుచేసికొనలేదు. కావున మోతాదును వైద్యుడే నిర్ణయింపవలెను.

ఉపాధ్యాయులు ఈ మూడు కోడి ఎముకల పరీక్షను తరగతిలో చేసి చూపినచో, ఎముక నిర్మాణము పిల్లలకు అర్థమగును. దానితోపాటు, ఆదివారపు భోజనము ముగిసిన పిమ్మట విస్తరిలోని ఎముకలు వాకిటి కుక్కపిల్లకు కాక చెత్తబుట్టకు, అదియు మూతగల చెత్తబుట్టకు చేరును. తరగతిలోని ఒక్కొక్క విద్యార్థి తన ఇంటివద్ద ఈ ఒక్క అలవాటు మార్పించినను కొన్ని ప్రాణులు బ్రదుకును.